అప్‌డేట్: రబ్బరు తయారుచేసే నాన్న ఉన్న ఆ పాత సినిమా దొరికింది

పోయిన వారం అడిగాను కదా, టీనేజ్ అమ్మాయి డాన్స్ చేస్తుంది, వాళ్ల నాన్న ఏదో మొక్క నుంచి రబ్బరు తీయాలని తంటాలు పడతాడు, ఆ బ్లాక్ అండ్ వైట్ సినిమా ఏదని. అది 1942లో వచ్చిన ‘మిస్ యానీ రూనీ’. పేరు చెప్పినవారికి చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మళ్లీ మొత్తం చూశాను.

పేదింటి అమ్మాయిగా, బాలనటిగా పేరు తెచ్చుకున్న హాలీవుడ్ తార షిర్లీ టెంపుల్, డబ్బున్నవాళ్ల అబ్బాయిగా డికీ మూర్. తెరమీద ఆమెకు మొదటి ముద్దు ఇందులోనే, అదీ బుగ్గమీద! సినిమా విడుదలయ్యేనాటికి ఆమెకు 14 ఏళ్లు, అతనికి 16. ఆ సీన్‌లో ఇద్దరి బిడియం చాలా ముద్దొచ్చింది.

ప్రేమకథలో రబ్బరు గొడవ ఎందుకన్న నా సందేహమూ తీరింది. అది రెండో ప్రపంచ యుద్ధకాలం. ఆ ఏడాది మొదట్లోనే, రబ్బరు బాగా పండే మలయా (ఇప్పటి మలేషియాలో భాగం), దాని పక్కనే ఉన్న సింగపూర్ జపాన్ చేతిలోకి వెళ్లాయి. అమెరికాకు రబ్బరు రావడం దాదాపు ఆగిపోయింది, జనవరి నుంచే టైర్లకు రేషన్. అబ్బాయి తండ్రిది రబ్బరు వ్యాపారమే మరి! అప్పటి ప్రేక్షకులకు ఇది ఇంట్లో రోజూ మాట్లాడుకునే విషయం. చిన్నప్పుడు నాకు ఇదేమీ తెలియలేదు.

కథ మామూలుదే, నాకు మాత్రం చాలా ఇష్టం. ఈ ఆదివారం మా అమ్మాయితో కలిసి ఇంకోసారి చూస్తాను.