అర్థం కాని హిందీలో చూసిన రామాయణం బొమ్మల సినిమాకి ఇప్పటికీ ఏడుపెందుకు వస్తుంది?

కొర్లగుంట కుర్రోడు:
కొంచెం పిచ్చి ప్రశ్నే, నవ్వకండి. జపాన్ వాళ్ళూ మనవాళ్ళూ కలిసి 1992లో తీసిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ గుర్తుందా? నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చేది, అదీ హిందీలో. తిరుపతిలో మా ఇంట్లో హిందీ ముక్క ఎవరికీ రాదు. అయినా మా అవ్వ వక్కాకు నములుకుంటూ టీవీ ముందు కూర్చుని, వాళ్ళు ఒక మాట అంటే ఈమె తెలుగులో నాలుగు మాటలు చెప్పేది. బంగారు జింక కనబడగానే "పోవద్దు రామయ్యా, అది మాయది" అని టీవీతోనే మాట్లాడేది. హనుమంతుడు వచ్చాడంటే ఇంక చెప్పక్కర్లేదు, కిటికీలోంచి కొండ చూపించి "అంజనాద్రి అక్కడే, ఈయన మనూరోడే" అనేది. నేను బళ్ళో అందరికీ అదే చెప్పి తిరిగేవాణ్ణి. (2021లో టీటీడీ వాళ్ళు అదే మాట ప్రకటించేనాటికి అవ్వ లేదు. ఉంటే "నేనెప్పుడో చెప్పలేదా" అని వారం రోజులు సాధించేది.)

జటాయువు రెక్క తెగే చోట మాత్రం లేచి వంటింట్లోకి పోయేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

2025 జనవరి 24న మళ్ళీ థియేటర్లకి వచ్చింది కదా, ఈసారి తెలుగులో కూడా. పాపను తీసుకుని వెళ్ళా. 4కె ప్రింటు, బొమ్మ అద్దంలా ఉంది, ప్రతి మాటా అర్థమైంది, అయినా ఏదో వెలితి. జటాయువు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు, పాప చూస్తుందని కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టు నటించా. ఇంతకీ నన్ను ఏడిపించింది సినిమానా, అవ్వా?

రేణిగుంట ప్యాసింజర్:
అవ్వే బ్రో, అనుమానమే లేదు. మా వాడికి పదేళ్ళు, కూర్చోబెట్టి చూపిస్తే ఇరవై నిమిషాలకి ఫోన్ అడిగాడు. మనకెందుకు నచ్చిందంటే ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు, ఇంట్లో ఉన్నది ఒక్క టీవీ. అప్పుడు ఇంకేం వేసినా ఇప్పుడు దానికే ఏడ్చేవాళ్ళం. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, రావణుడు నవ్వితే నేను మంచం కిందికి దూరేవాణ్ణి. ఆ గొంతు అమ్రిష్ పురిదని చాలా ఏళ్ళకి తెలిసింది.

సున్నపుగోడ మీద బొమ్మ:
ప్యాసింజర్ గారూ, అంత తేలిగ్గా తీసేయకండి. నేను పిల్లలకి డ్రాయింగ్ నేర్పిస్తాను, ఈ సినిమా ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో లెక్కలేదు. ఈ సినిమా తీసిన జపాన్ ఆయన యూగో సాకో 1983లో ఇక్కడి తవ్వకాల మీద డాక్యుమెంటరీ పని మీద వచ్చి రామాయణం దగ్గర ఆగిపోయాడు. మనవైపు నుంచి బొమ్మల సినిమాలు తీసే రామ్ మోహన్ ఆయనతో కలిశాడు. దాదాపు 450 మంది ఆర్టిస్టులు పనిచేశారు. పంచె ఎలా కడతారు, పిల్లలు పెద్దవాళ్ళ దీవెన ఎలా తీసుకుంటారు, ఇలాంటివి జపాన్ వాళ్ళకి మన ఆర్టిస్టులు దగ్గరుండి చెప్పారు. అందుకే అందులో ఎవరైనా పెద్దలకి మొక్కుతుంటే పరాయివాళ్ళు గీసినట్టు అనిపించదు, మన ఇంట్లో పండగరోజు చూసినట్టే ఉంటుంది.

ఇంకో సంగతి, జపాన్ బొమ్మల్లో పాత్రలు ఊరికే ఆగిపోతుంటాయి, ఆకాశమో చెట్టో కాసేపు అలాగే చూపిస్తారు, ఎవరూ మాట్లాడరు. మీ వాడు ఫోన్ అడిగింది అలాంటి చోటే అయ్యుంటుంది. కొర్లగుంట వాళ్ళ అవ్వకి మాట్లాడే సందు దొరికింది కూడా అక్కడే.

పుంగనూరు పిల్ల:
సినిమానా అవ్వా అని విడదీయడమే నాకు నచ్చలేదు. మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్న దుర్యోధన వధకి నేల మీద ఇంత పొడుగు మట్టి బొమ్మ. అభిమన్యుడు పడిపోయే రోజు ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. ప్రతి ఏడాదీ అదే అభిమన్యుడు, అదే పద్మవ్యూహం, వాడు బయటికి రాడని చంకలో బిడ్డకి కూడా తెలుసు. కథ తెలియడం వల్లే ఏడుపు ముందుగా వస్తుంది, మా అమ్మయితే హరికథ మొదలవకముందే ముక్కు చీదేది.

మీకు తెలుగులో వెలితిగా అనిపించింది మాటలు బాగాలేక కాదు తమ్ముడూ. కొత్త డబ్బింగుల పని విజయేంద్ర ప్రసాద్ గారు చూసుకున్నారంట, బాగానే కుదిరింది. హిందీలో ఉన్నన్నాళ్ళూ మీకు అవ్వతో అవసరం ఉండింది. తెలుగులోకి వచ్చాక ఆమెకి చేయడానికి ఏ పనీ మిగల్లేదు, అంతే. ఒక ఆదివారం హిందీదే పెట్టి పాపకి మీరే చెప్పి చూడండి.

కొర్లగుంట కుర్రోడు:
అక్కా, మీరన్నట్టే చేశా. హిందీది వెతికి పెట్టి పక్కన కూర్చున్నా. విశ్వామిత్రుడు, తాటకి అంతా బ్రహ్మాండంగా చెప్పుకొచ్చా, అంజనాద్రి కూడా చూపిద్దామనుకున్నా గానీ ఇప్పుడు మా కిటికీకి ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచింది, కొండ కనబడదు. పాప కూడా బాగానే వింది, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేసింది. జటాయువు వచ్చేసరికి నా గొంతు పట్టేసింది, సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టబోతే "నాన్నా, కాసేపు మాట్లాడకుండా ఉండవా" అంది.

లేచి వంటింట్లోకి పోయా.