చెట్లు గీతల్లా రావాలంటే కెమెరాను ఎలా కదపాలి?

ప్రశ్న: నమస్తే అండి. కెమెరాను కావాలనే కదుపుతూ తీసే ఫొటోలు ఈ మధ్యే మొదలుపెట్టాను. మొన్న చింతపల్లి దగ్గర కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లను పైకీ కిందకీ ఊపుతూ తీశాను. ఉదయం తొమ్మిదిన్నర, షట్టర్ 2 సెకన్లు, అపర్చర్ (లెన్స్ రంధ్రం) బాగా చిన్నగా ఎఫ్22, ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) 100. సగం తెల్లగా పోయాయి, మిగతావి పిండి కలిపినట్టున్నాయి. చెట్టన్న ఆనవాలే లేదు. తప్పెక్కడ?

జవాబు: చోటు మాత్రం చాలా బాగా ఎంచుకున్నారండి. కాఫీకి నీడ కోసం వేసిన ఆ చెట్లు నిటారుగా, వరసగా ఉంటాయి. ఈ పద్ధతికి కావలసింది అదే. తప్పల్లా ఆ 2 సెకన్లలో ఉంది. అంతసేపట్లో మీ చెయ్యి పైకెళ్లి కిందకొచ్చేస్తుంది, గీత మీద గీత పడి చెరిగిపోతుంది. అర సెకనుకు రండి. ఒక్క దిక్కుకే కదపండి, అదీ కాండం ఎటుంటే అటే.

అసలు కిటుకు బటన్ నొక్కే క్షణంలో ఉంది. నొక్కి కదపడం కాదు, కదుపుతూ నొక్కాలి. బౌలర్ బంతి వదిలాక కూడా చెయ్యి ఆపడు కదా, అలా షట్టర్ మూసుకున్నాక కూడా కెమెరా కదులుతూనే ఉండాలి. మోచేతులు డొక్కలకు ఆనించి, కొమ్మల దగ్గర మొదలుపెట్టి చెట్టు మొదలు దాకా దించండి. లెన్స్‌లో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేయడం మర్చిపోకండి.

ప్రశ్న: మరి తెల్లగా పోకుండా? వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఇప్పుడే కొనలేను. భీమిలి కూడా వెళ్తున్నాను, సముద్రానికీ ఇదేనా?

జవాబు: మంచి ఎండలో ఎఫ్16, ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ సుమారు 1/125 వస్తుంది. దాన్ని అర సెకనుకు తేవాలంటే వెలుతురు ఆరు స్టాపులు తగ్గాలి (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే ఎన్‌డీ64 ఫిల్టర్. తోట నీడలో అంత అక్కర్లేదు. మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే అదే స్టాపున్నర, రెండు స్టాపులు తగ్గిస్తుంది. అదీ లేకపోతే తెల్లవారుజామున, మంచు విడవకముందే వెళ్లండి.

సముద్రానికి అడ్డంగా తిప్పాలి. పాదాలు కదపకుండా నడుము దగ్గర తిరగండి. నీళ్లూ ఆకాశం కలిసే గీత వంకర పోతే ఫొటో మొత్తం పోయినట్టే.

ఇంకో సలహా: ఎఫ్22 వద్దు. సెన్సార్ మీది దుమ్ము కెమెరాతో పాటే కదులుతుంది కాబట్టి అన్నీ చెరిగినా అది చెరగదు. నున్నటి గీతల మధ్య నల్లటి చుక్కలు కూర్చుంటాయి. చిన్న అపర్చర్‌లో అవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నా భీమిలి ఫొటోలు కొన్ని అలాగే పాడయ్యాయి, ఆ బాధ ఇంకా ఉంది.

ప్రశ్న అడిగినవారు: ఈ రోజు ఆరింటికే వెళ్లాను. ఎఫ్11, అర సెకను. అరవై తీస్తే మూడు నిలిచాయి! మిరియాల తీగ పాకిన కాండాలు ముదురాకుపచ్చ గీతల్లా, కింద కాఫీ మొక్కలు పలచటి పొరలా వచ్చాయి. కానీ ఒకదాంట్లో గీతల చివర కొక్కెంలా వంగింది.

జవాబు: షట్టర్ మూసుకోకముందే చెయ్యి ఆపేసి పక్కకు తిప్పి ఉంటారు. మొదలు దాటి నేల దాకా దించండి, పోతుంది. మిగతా రెండూ డిలీట్ చేయకండి, పెట్టండి, చూస్తాం.