అప్‌డేట్: మూడున్నరేళ్ల పాప మాట స్పష్టంగా లేకపోవడానికి కారణం తెలిసింది

మూడున్నరేళ్లు నిండినా మా పాప మాటలు బయటివారికి సగం కూడా అర్థం కావడం లేదని కొన్ని నెలల కిందట ఇక్కడ అడిగాను. అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించమన్నవారికి కృతజ్ఞతలు. కారణం అక్కడే దొరికింది.

టింపనోమెట్రీలో (చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి ఎలా కదులుతుందో చూసే పరీక్షలో) రెండు కర్ణభేరుల వెనుకా ద్రవం చేరినట్లు తేలింది. నొప్పి, జ్వరం లేకుండానే ఇది ఉండవచ్చని, వినికిడి ఒక రోజు బాగుండి మరో రోజు తగ్గవచ్చని వైద్యురాలు వివరించినప్పుడు, పిలిస్తే పలకకపోవడాన్ని ఇన్నాళ్లూ మొండితనమనుకున్నందుకు చాలా బాధపడ్డాను. పుట్టినప్పటి పరీక్షలో వినికిడి బాగుందన్న ధీమా సరిపోదు, ఎందుకంటే ఈ ద్రవం తర్వాత ఎప్పుడైనా చేరవచ్చు.

చాలామంది పిల్లల్లో అది దానంతటదే తగ్గుతుంది గనుక మందులు ఇవ్వకుండా 3 నెలలు ఆగి మళ్లీ పరీక్షించగా రెండు చెవులూ సాధారణ స్థితికి వచ్చాయి. ఈలోగా స్పీచ్ థెరపిస్ట్ సూచన ప్రకారం టీవీ ఆపి, పాపకు మా ముఖం కనిపించేలా ఎదురుగా కూర్చుని మాట్లాడాము. ఇప్పుడు కొత్తవారికి కూడా తన మాటలు చాలావరకు అర్థమవుతున్నాయి.

ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం, నాలుక కింది పొర, ఈ రెండింటికీ సమస్యతో సంబంధం లేదని తేలింది. కొన్ని అక్షరాలు ఇంకా తప్పుతున్నాయి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూపిస్తాము.