మంటలార్పడానికి వెళ్లిన బాబాయ్ రాలేదు, ఎక్కడ వెతకాలి?

మా బాబాయ్ వాలంటీర్ ఫైర్‌మ్యాన్. నిన్న సాయంత్రం అడవి మంటల దగ్గరికెళ్లి ఇంకా రాలేదు. బండి మట్టిరోడ్డు పక్కనే ఉంది, తాళం దానికే వేలాడుతోంది. కుర్రాళ్లం టార్చిలతో బయల్దేరుతున్నాం.

జవాబు: ఆగు తమ్ముడూ. ముందు పోలీసులకి చెప్పు. బండి చుట్టూ ఎవరినీ తొక్కనివ్వకు, అడుగుజాడలు చెరిగిపోతాయి. ఆయన విడిచిన చొక్కా చేత్తో ముట్టుకోకుండా కవర్లో పెట్టు, కుక్కలకి వాసన చూపించాలి. కాలిన చెట్లు గాలి లేకపోయినా కూలతాయి, వాటి కింద నడవకండి.

జవాబు: అందరూ ఫోన్లు కొట్టకండి, ఆయన బ్యాటరీ అయిపోతుంది.

జవాబు: పొగలో ఊపిరి పీల్చుకోడానికి వీపుకి తగిలించుకునే గాలి సిలిండర్ సెట్ వేసుకెళ్లారా? దానికి పాస్ అలారం ఉంటే, మనిషి అరనిమిషం కదలకపోయినా మోగుతుంది. మధ్యమధ్యలో అందరూ అరుపులాపి వినాలి. మా ఊరోళ్లకి అదొక్కటే చేతకాదు!

అడిగినవారు: సిలిండర్ బండిలోనే ఉందన్నా. పోలీసులు బయల్దేరారట.