ముఖాలకు పేర్లు పెట్టిన రాత్రి తర్వాత ఫోటోలు సగం బూడిద రంగులో కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

అర్ధరాత్రి_ఆల్బమ్:

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నా, గజిబిజిగా ఉంటే ఏమీ అనుకోకండి.

మా ఇంటి ఫోటోలన్నీ, దాదాపు 11,400, ఒక ఫోటో మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నాను. పేరు చెప్పను, ముందు తప్పెవరిదో తేలనివ్వండి. తొమ్మిది రోజుల క్రితం ఓపిగ్గా కూర్చుని అందరి ముఖాలకూ పేర్లు పెట్టాను. సెట్టింగ్స్‌లో "పేర్లను ఫోటో ఫైల్‌లోనే రాయి" అని కనిపిస్తే టిక్ పెట్టి, అది దాని పని చేసుకుంటుంటే నేను పడుకున్నాను. పొద్దున చూస్తే కంప్యూటర్ రీస్టార్ట్ అయి ఉంది. ఏదో అప్‌డేట్ వచ్చి ఉంటుందిలే అనుకుని, ఆగిన చోట నుంచి మళ్లీ నడిపించాను. ఏ ఎర్రరూ రాలేదు.

నిన్న ఒక ఫోటో పంపుదామని ఫోల్డర్‌లోంచి తెరిస్తే పై సగం బాగుంది, కింది సగం మొత్తం బూడిద. పుట్టిన మూడో రోజు మా పాపను తాతయ్య ఎత్తుకున్న ఫోటో అది. తాతయ్య నవ్వు ఉంది, కళ్లజోడు ఉంది, చొక్కా మొదటి గుండీ దాకా ఉంది, పాప లేదు. చిత్రం ఏంటంటే అదే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో చిన్నగా చూస్తే నిక్షేపంలా కనిపిస్తోంది! వెతికితే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కొన్ని మధ్యలోంచి గులాబీ రంగుకి తిరిగాయి, కొన్ని అసలు తెరుచుకోవట్లేదు. బ్యాకప్ డిస్క్‌లో చూశాను, అక్కడా ఇవే. రోజూ రాత్రి ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసేలా నేనే పెట్టాను కదా, పాడైనవి వెళ్లి మంచివాటిని తుడిచేశాయి.

సాఫ్ట్‌వేర్‌లో "థంబ్‌నెయిల్స్ మళ్లీ తయారుచేయి" అని ఒక బటన్ ఉంది, నొక్కమంటారా?

హెక్స్‌పిచ్చి:

నొక్కకండి! ముందు ఆ సాఫ్ట్‌వేర్ మూసేయండి, మిగతాది తర్వాత.

మీకు బాగున్నట్టు కనిపిస్తున్నది అసలు ఫోటో కాదు. ఫోటోలు చేర్చిన రోజు అది చిన్న కాపీలు తయారుచేసుకుని తన దగ్గర దాచుకుంది, ఇప్పటికీ వాటినే చూపిస్తోంది. ఆ బటన్ నొక్కితే పాడైన ఫైళ్ల నుంచి కొత్తవి చేసి పాతవి చెరిపేస్తుంది, కొన్ని ఫోటోలకు మిగిలిన ఒకే ఒక్క మంచి కాపీ అదే అయి ఉండొచ్చు. ఆ కాష్ ఫోల్డర్ ఎక్కడుందో వెతికి మొత్తంగా వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ రాత్రి బ్యాకప్ కూడా ఆపేయండి. "ఉచితంగా ఫోటో రిపేర్" అని నెట్‌లో కనిపించే వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి, అవి అసలు ఫైల్ మీదే రాస్తే ఉన్నదీ పోతుంది.

తర్వాత ఒక్కో రకం నుంచి రెండేసి ఫైళ్లు తీసుకుని, వాటి కాపీల్ని హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్ లోపలి బైట్లను నేరుగా చూపించే ప్రోగ్రామ్) తెరవండి (విండోస్ అయితే హెచ్‌ఎక్స్‌డీ చాలు, ఉచితం). జేపెగ్ (మామూలు ఫోటో ఫైల్) ఏదైనా ఎఫ్‌ఎఫ్ డీ8 తో మొదలై, సాధారణంగా ఎఫ్‌ఎఫ్ డీ9 తో ముగుస్తుంది. మొదలు ఏముంది, చివర ఏముంది, మధ్యలో వరసగా సున్నాలు ఉన్నాయా, ఉంటే ఎక్కడ నుంచి మొదలయ్యాయి, ఇవి చూసి చెప్పండి. తెరుచుకోని ఫైల్‌ని బ్రౌజర్‌లోకి లాగి కూడా చూడండి. ఇంకోటి, ఫైల్ మారిన సమయం అని ఉంటుందే, నిమిషాలతో సహా రాసుకోండి.

ఈ ఫోల్డర్ ఏదైనా క్లౌడ్‌కి సింక్ అవుతోందా?

అర్ధరాత్రి_ఆల్బమ్:

సరే, బటన్ జోలికి వెళ్లలేదు. కాష్ దొరికింది, కాపీ చేశాను.

సగం బూడిదగా ఉన్నవి 38. మొదలు సరిగ్గానే ఉంది, కొంత దూరం వెళ్లాక ఫైల్ చివరి వరకూ 00 00 00, ఇంకేమీ లేదు. తాతయ్య ఫోటోలో సున్నాలు మొదలైన చోటు 1ఏ3000 అని చూపిస్తోంది. సైజు మాత్రం 4 ఎంబీ పైనే, అందుకే ఇన్నాళ్లు అనుమానం రాలేదు. ఇంకో సంగతి, ఈ 38 ఫైళ్లూ మారిన సమయం 1:52, 1:53. ఒక్కటి కూడా బయట లేదు.

తెరుచుకోనివి 190 దాకా ఉన్నాయి, అన్నీ మా పాత కెమెరావే. బ్రౌజర్‌లోకి లాగితే చక్కగా వచ్చాయి! నాకైతే ఏడుపొచ్చింది. గులాబీవి 23, రాత్రంతా అక్కడొకటి ఇక్కడొకటి అన్నట్టు ఉన్నాయి. వాటిలో మొదలు, చివర రెండూ బాగానే ఉన్నాయి.

క్లౌడ్ అంటే, కొన్ని ఫోల్డర్లు గూగుల్ డ్రైవ్‌కి సింక్ అవుతాయి. కానీ అక్కడ కూడా పాడైనవే ఉన్నాయి.

హెక్స్‌పిచ్చి:

ముందు డ్రైవ్ సంగతి చూడండి, దానికి గడువుంది. ఫైల్ మారినప్పుడు పాత వెర్షన్‌ని అది 30 రోజులు లేదా 100 వెర్షన్ల దాకా ఉంచుతుంది. మీకు తొమ్మిది, కాదు ఇప్పటికి పది రోజులు అయినట్టుంది. బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే వెర్షన్లు చూసే ఆప్షన్ ఉంటుంది, ఆ రాత్రికి ముందుది డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్కొక్కటీ చేయాలి, విసుగే, కానీ ఇవాళే చేయండి.

ఆ 38 కథ అర్థమైంది. సున్నాలు మొదలైన స్థానం చివర మూడు సున్నాలతో ముగిసింది చూశారా? హెక్స్ లెక్కలో అంటే అది 4096 గుణిజం. డిస్క్ మీదకు డేటా వెళ్లేది మామూలుగా 4096 బైట్ల ముక్కలుగానే. సాఫ్ట్‌వేర్ పేర్లు రాసేటప్పుడు ఫైల్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది, ఎందుకంటే పేర్లు ఉండేది ఫైల్ ముందు భాగంలో, అక్కడ నాలుగు అక్షరాలు పెరిగినా వెనక ఉన్నదంతా జరగాలి. ఇంత సైజు కావాలి అని చోటు తీసుకుంది, డేటా ఇంకా ర్యామ్‌లోనే (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) ఉండగా కంప్యూటర్ ఆగిపోయింది. అందుకే సైజు సరిగ్గా ఉంది, లోపల సరుకు లేదు. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ఆ రాత్రి 6008 నంబర్‌తో ఏమైనా ఉందేమో చూడండి, కంప్యూటర్ ఎన్ని గంటలకు అర్ధాంతరంగా ఆగిందో అక్కడ రాసుంటుంది. 1:53 అని ఉంటుందని నా పందెం.

పాత కెమెరా ఫోటోల్లో బొమ్మకు ఏమీ కాలేదు. ఆ కెమెరా తన సొంత వివరాలు దాచుకునే భాగం ఒకటి ఉంటుంది, అందులో ఫలానాది ఫలానా బైట్ దగ్గర ఉందని చిరునామాలు రాసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పేర్లు చేర్చి అన్నిటినీ జరిపింది, చిరునామాలు మాత్రం పాతవే వదిలేసింది. బ్రౌజర్ వాటిని పట్టించుకోదు, పట్టింపు ఉన్న వ్యూయర్ ఆగిపోతుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో మెటాడేటా (తేదీ, కెమెరా, పేర్లు లాంటి వివరాలు) మొత్తం తీసేసి అదే ఫైల్ నుంచి పనికొచ్చేవన్నీ తిరిగి రాయిస్తే చాలు, చేసే పద్ధతి దాని ప్రశ్నోత్తరాల పేజీలోనే ఉంది, 190 ఒకేసారి అయిపోతాయి. పాత ఫైల్‌ని అది వేరే పేరుతో పక్కన ఉంచుతుంది, వెంటనే డిలీట్ చేయకండి.

నాకు భయం ఆ 23 గురించే. పేర్లు రాసేటప్పుడు బొమ్మ డేటాని ఏ సాఫ్ట్‌వేరూ ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తుంది. అలాంటిది మధ్యలో రంగు తిరిగిందంటే దారిలో ఎక్కడో ఒక బిట్ (ఒక 0 లేదా 1) మారింది. జేపెగ్‌లో ప్రతి చిన్న గడి తన సగటు వెలుగును పక్క గడితో ఎంత తేడా అనే లెక్కలో దాచుకుంటుంది, ఒక్కచోట లెక్క తప్పితే అక్కడ నుంచి చివరి దాకా తప్పే. రాత్రంతా చెదురుమదురుగా ఇలా జరగడం, పైగా కంప్యూటర్ దానంతటదే పడిపోవడం... ర్యామ్ మీద అనుమానం, దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రికి నడపండి. అది అయ్యేదాకా ఆ కంప్యూటర్‌తో ఒక్క ఫోటో కూడా కాపీ చేయొద్దు, డ్రైవ్ పని వేరే కంప్యూటర్‌లో కానివ్వండి.

పాత_నెగెటివ్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి గానీ, ర్యామ్ ర్యామ్ అంటూ ఆ సాఫ్ట్‌వేర్‌ని సులువుగా వదిలేస్తున్నారు. పక్కన కొత్త ఫైల్ రాసి, డిస్క్ మీదకు నిజంగా చేరిందని చూసుకుని, ఒకసారి తెరిచి చూసి, అప్పుడు కదా పాతదాన్ని తీసేయాలి? అలా చేసుంటే కరెంటు పోయినా, ర్యామ్ పోయినా ఆ 38 ఫోటోలు బతికేవి. అసలు నా ఒరిజినల్స్ మీద ఎవరైనా ఎందుకు రాయాలి? నేను పేర్లన్నీ పక్కన ఎక్స్‌ఎంపీ ఫైళ్లలోనే (ఫోటో వివరాలు మాత్రమే ఉండే విడి ఫైళ్లు) రాయిస్తాను, ఫోటోలున్న ఫోల్డర్ చిందరవందరగా కనిపిస్తుందని మా ఇంట్లో గొడవ, అయినా సరే.

మీ గులాబీ ఫోటోలకు ఒక చిట్కా. అన్నీ కాకపోయినా కొన్ని దారికొస్తాయి. తప్పిన లెక్క ఒక్కటే అయితే ఆ గీత కింద ఉన్నదంతా ఒకే మోతాదులో రంగు మారి ఉంటుంది. ఫోటో ఎడిటర్‌లో ఆ కింది భాగం మాత్రం సెలెక్ట్ చేసి, పై భాగంతో కలిసేదాకా ఒక్కో రంగునీ లెవెల్స్‌లో (వెలుగు, రంగు సర్దే ఆప్షన్) జరపండి. గడులు పక్కకు జరిగిపోయి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. ఇంకో మార్గం, కొత్త కెమెరాలు చాలావరకు పెద్ద ఫోటో తర్వాత అదే ఫైల్ చివర మధ్యస్థ సైజులో ఇంకో బొమ్మ తగిలిస్తాయి, సాఫ్ట్‌వేర్ దాన్ని కత్తిరించకుండా ఉంటే ఎగ్జిఫ్‌టూల్‌తో బయటికి లాగొచ్చు. సున్నాలవాటిలో చివరే లేదు కాబట్టి అక్కడ ఆశ పెట్టుకోకండి.

హెక్స్‌పిచ్చి:

ఎక్స్‌ఎంపీ విషయంలో మీతో గొడవ లేదండీ. కానీ చెడిపోయిన ర్యామ్ మీద ఎంత జాగ్రత్తగా రాసినా, రాసేముందే బిట్ మారితే అది సరైనదేనని నమ్మి రాస్తుంది. తెరిచి చూసినా లాభం లేదు, గులాబీ ఫోటో కూడా తెరుచుకుంటుందిగా.

అర్ధరాత్రి_ఆల్బమ్:

మూడు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి సారీ.

6008 ఉంది. 1:53. పందెం మీదే. మెమ్‌టెస్ట్ మొదలెట్టిన ఇరవై నిమిషాలకే ఎర్రగా వరసలు పడ్డాయి, చూస్తుంటే కడుపులో తిప్పింది. రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి తీసి మళ్లీ పెడితే నాలుగు పాస్‌లూ (నాలుగు దఫాల పరీక్ష) శుభ్రంగా దాటింది. తీసిన దాని మీద స్కెచ్‌తో ఇంటూ గుర్తు పెట్టాను, ఎవరైనా పొరపాటున మళ్లీ వాడతారని.

పాత కెమెరావి 190 కూడా తెరుచుకున్నాయి, తేదీలు అలాగే ఉన్నాయి. గులాబీ 23లో 14 డ్రైవ్ పాత వెర్షన్లలో దొరికాయి, మూడు ఆ లెవెల్స్ చిట్కాతో పర్వాలేదనిపించేలా వచ్చాయి, అతుకు తెలిసినవాళ్లకే కనిపిస్తుంది. మిగతావాటి కోసం పాత మెమరీ కార్డుల మీద ఫోటోరెక్ (చెరిగిపోయిన ఫోటోలను వెలికితీసే ప్రోగ్రామ్) నడుపుతున్నాను. ఇప్పటికి ఒక కార్డు అయింది, దొరికినవి రెండు.

సున్నాల 38లో 31 డ్రైవ్ నుంచి వచ్చాయి. ఏడు సింక్ కాని ఫోల్డర్‌లోవి, తాతయ్య ఫోటో వాటిలోదే. కాష్‌లో వెతికితే ఐదింటికి 1,600 పిక్సెళ్ల వెడల్పు కాపీలు ఉన్నాయి, ఆ బటన్ నొక్కుంటే అవీ పోయేవి. మిగతా రెండింటికీ ఫైల్ మొదట్లో కెమెరా పెట్టిన 160×120 బుల్లి బొమ్మే దిక్కు. తాతయ్య ఫోటో ఐదింటిలోనే ఉంది. పెద్దగా ప్రింట్ వేయడానికి పనికిరాదు గానీ, పాప ఉంది, పిడికిలి కూడా తెలుస్తోంది.

ఒక్క సందేహం. ఇప్పుడున్న ఒక్క స్టిక్‌తో ఫైళ్లన్నీ కొత్త డిస్క్‌లోకి మార్చొచ్చా, లేక రెండోది కొనేదాకా ఆగనా?

హెక్స్‌పిచ్చి:

నాలుగు పాస్‌లు దాటింది కదా, మార్చుకోండి. కాపీ అయ్యాక రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) తీసి పోల్చండి, 11,400 ఫైళ్లు కాబట్టి రాత్రికి వదిలేయడమే. పాత డిస్క్‌ని మాత్రం ఇంకో నెల ముట్టుకోకండి, మీ కంటికి చిక్కని ఇరవై నాలుగో గులాబీ ఫోటో ఎక్కడో ఉండే ఉంటుంది.