యూనివర్సిటీ లైబ్రరీలోకి బయటివాళ్లను రానివ్వాలా, వద్దా?

రిటైర్డ్_మాస్టారు:
మా ఊరి చెరువు చరిత్ర రాస్తున్నాను. పాత జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ ఉండే సర్కారు పుస్తకం) ఒకటి యూనివర్సిటీ లైబ్రరీలో ఉందని తెలిసి రెండు బస్సులు మారి వెళ్లాను. గేటు దగ్గర ఆధార్ చూపిస్తే, "స్టూడెంట్ ఐడీ ఉందా సార్?" అన్నారు. పుస్తకం ఇంటికి ఇవ్వమనలేదు, అక్కడే కూర్చుని నాలుగు పేజీలు రాసుకుంటానన్నాను. కుదరదన్నారు. ఏటా ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాను. నా డబ్బుతో కొన్న పుస్తకం నేను చూడకూడదా?

స్కాలర్_రెండో_అంతస్తు:
మాస్టారూ, ఆ సెస్సు యూనివర్సిటీకి రాదండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీరు అడగాల్సింది అక్కడ.

గ్రూప్2_కుర్రాడు:
మా జిల్లా లైబ్రరీలో ఫ్యాన్లు తిరగవు అన్నా.

రిటైర్డ్_మాస్టారు:
సెస్సు సంగతి పక్కన పెడదాం. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పేరుతో 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి కేంద్రం మీ యూనివర్సిటీల్లాంటి వాటి కోసమే జర్నల్స్ (పరిశోధన పత్రికలు) కొంటోంది. అది ఎవరి పన్ను?

స్కాలర్_రెండో_అంతస్తు:
సెస్సు విషయంలో పొరపాటు పడ్డారని ముందు ఒప్పుకోండి.

బీరువా_తాళం:
నేను లైబ్రరీలోనే పనిచేస్తాను. చాలా చోట్ల లెటర్ రాసిచ్చి, కొంత రుసుము కడితే రిఫరెన్సుకు అనుమతిస్తారు మాస్టారూ. ఆ ముక్క గేటు దగ్గర చెప్పేవాళ్లు లేకపోవడమే తప్పు. "పుస్తకాలు ఉన్నది వాడటానికే" అని గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు.

రిటైర్డ్_మాస్టారు:
చూశారా! చదువు తమ సొంత ఆస్తి అనుకుంటున్నారు మీవాళ్లు.

స్కాలర్_రెండో_అంతస్తు:
ఆస్తా? మా అమ్మ కూలికి వెళ్లి నన్ను చదివించింది. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం, థీసిస్ రాసుకోవడానికి నాకున్నది ఆ రీడింగ్ హాల్లో కుర్చీ ఒక్కటే. పోయినేడు బయటివాళ్లను రానిచ్చారు. పొద్దున ఏడింటికే ప్రతి కుర్చీ మీదా ఒక బ్యాగు! అందరి దగ్గరా కోచింగ్ మెటీరియలే. పుస్తకాల ర్యాకుల వైపు వెళ్లినవాడు ఒక్కడూ లేడు.

గ్రూప్2_కుర్రాడు:
ఆ బ్యాగుల్లో ఒకటి నాలాంటివాడిదే అన్నా. మా రూములో ఆరుగురం. ప్రైవేటు స్టడీ హాలుకు నెలనెలా కట్టే స్తోమత నాకు లేదు. మీ కుర్చీ లాక్కోవాలని ఎవరూ రారు.

రిటైర్డ్_మాస్టారు:
నాకు కుర్చీ కూడా వద్దు నాయనా. నిలబడి రాసుకుంటాను.

స్కాలర్_రెండో_అంతస్తు:
ఇందాక ర్యాకు దగ్గరికి వెళ్లి మీ గెజిటీర్ తీసి చూశాను. లోపల అంటించిన చీటీ మీద ఆఖరి తేదీ 1987.

రిటైర్డ్_మాస్టారు:
అప్పటి నుంచి ఎవరూ ముట్టని పుస్తకానికి ఇంత కాపలా ఎందుకు?

స్కాలర్_రెండో_అంతస్తు:
కాపలా ఉంది కాబట్టే మిగిలింది. మా ఊరి లైబ్రరీకి ఏ కాపలా లేదు. నేను ఏడో క్లాసులో ఉండగా పుస్తకాలన్నీ చిత్తు కాగితాల కింద తూకానికి అమ్మేశారు. మూటలు ఆటోలోకి ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అందుకే తలుపులు బార్లా తెరవాలంటే నాకు భయం.

రిటైర్డ్_మాస్టారు:
అది తలుపు తెరిచి ఉంచినందుకు పోలేదు బాబూ. లైబ్రేరియన్ పోస్టు నింపక, కొత్త పుస్తకం కొనక, జనం రావడం మానేశాక పోయింది. మీ రెండో అంతస్తులో అలా జరగకూడదనే అడుగుతున్నాను. సోమవారం లెటర్ పట్టుకుని వస్తాను.