పాత మహీంద్రా జీపుల్లో ఏది ఏది? బానెట్‌ చూసి మోడల్‌ చెప్పొచ్చా?

ప్రశ్న: కొండదారి

పాడేరు వైపు తోటకు వెళ్లే మట్టిదారికి పాత జీపు చూస్తున్నాం. ఎక్కుడు బాగా ఉంది, వానాకాలంలో వాగు ఒకటి దాటాలి. లిస్టులో నాలుగు బళ్లున్నాయి.

ఒకటి సీజే 3బీ అంటున్నారు. ఆర్‌సీలో పెట్రోల్‌ అని ఉంది, బానెట్‌ లేపితే డీజిల్‌ ఇంజిన్‌. రెండోది మిలిటరీ వేలంలో వచ్చిందని చెప్తున్న ఎంఎం 540. మూడోది మేజర్‌, ఇదీ మొదటిదానిలాగే ఎత్తు బానెట్‌. నాలుగోది 2013 థార్‌ సీఆర్‌డీఈ (కామన్‌ రైల్‌ డీజిల్‌ ఇంజిన్‌ది), రేటు మిగతావాటికి రెట్టింపు పైనే.

నలుగురు మెకానిక్‌లు నాలుగు రకాలుగా చెప్తున్నారు. అసలు ఈ మోడళ్లు ఒకదాని నుంచి ఒకటి ఎలా వచ్చాయి, లోపల ఏం మారింది, కొనేముందు ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: కమానుకట్ట

ముందు బానెట్‌ సంగతి పక్కన పెట్టి టేపు తీసుకోండి. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి వరకు కొలవండి. 203 సెంటీమీటర్లు (80 అంగుళాలు) వస్తే అసలు 3బీ చాసిస్‌. 231 (91 అంగుళాలు) వస్తే తర్వాతి పొడుగు చాసిస్‌. 243 వస్తే 2010 తర్వాతి థార్‌. రేకు ఏదైనా తొడగొచ్చు, చాసిస్‌ను మాత్రం అంత తేలిగ్గా మార్చలేరు.

ఇప్పుడు వంశవృక్షం. విల్లీస్‌ కంపెనీ నుంచి విడిభాగాలు తెచ్చుకుని బొంబాయిలో బిగించడంతో మహీంద్రా జీపు మొదలైంది. అమెరికాలో 3బీ 1953లో వచ్చింది, 1968లో ఆగిపోయింది. మన దగ్గర ఆ ముక్కు 2010 దాకా బతికింది. బానెట్‌ అంత ఎత్తు ఎందుకంటే, దాని కింద ఉన్న 2.2 లీటర్ల హరికేన్‌ పెట్రోల్‌ ఇంజిన్‌ది ఎఫ్‌-హెడ్‌. ఇన్‌టేక్‌ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్‌ వాల్వులు కింద బ్లాక్‌లో. కార్బరేటర్‌ పైకి వచ్చింది, ఇంజిన్‌ ఎత్తు పెరిగింది, బానెట్‌ కూడా దానితో లేచింది. అందం కోసం చేసింది కాదది.

తర్వాత అదే ముక్కు ఉంచి చాసిస్‌ను 91 అంగుళాలకు సాగదీశారు. ఇంటర్నేషనల్‌ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు చేస్తున్నారు కాబట్టి ఆ ట్రాక్టర్‌ డీజిల్‌నే ఇందులో దించారు. సీజే 500డి అంటే అదే. ఈ చదును మడ్‌గార్డుల శాఖలో చివరి కొమ్మ మీరు చూస్తున్న మేజర్‌.

రెండో శాఖ ఎంఎం 540. మడ్‌గార్డుల అంచులు గుండ్రం, ముఖం సీజే 5 పోలిక, చాసిస్‌ 91 అంగుళాలే. ఇంజిన్‌ ప్యూజో ఎక్స్‌డీపీ 4.90, 2112 సీసీ. తర్వాత ఎంఎం 550 వచ్చింది. అందులో కొన్నింటికి ప్యూజో ఎక్స్‌డీ3పీ (2498 సీసీ), కొన్నింటికి మహీంద్రా డీఐ (2523 సీసీ). 2010 అక్టోబర్‌లో వచ్చిన థార్‌ ఈ శాఖ మనవడే. ఏజెన్సీలో సర్వీసు కొట్టే కమాండర్‌ పొడుగు చాసిస్‌ బండి, దాన్ని ఈ లెక్కలో కలపకండి.

అంటే మొదటి బండి, మూడో బండి ఒకే ముఖం, వేరే ఒళ్లు. రెండోది, నాలుగోది చూడ్డానికి దగ్గర చుట్టాలు, కానీ ముందు యాక్సిల్‌ దగ్గరే రెంటి పద్ధతీ వేరు.

జవాబు: రెండులివర్లు

కమానుకట్ట గారు ఒంటి సంగతి చెప్పారు, నేను గేర్ల సంగతి చెప్తాను. గొడవలన్నీ అక్కడే.

3బీలో టీ-90 బాక్సు, మూడు గేర్లు. మొదటి గేరుకు సింక్రో (గేర్ల వేగాలు కలిపి మోత లేకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు. బండి కదులుతుండగా ఫస్టులోకి వేస్తే గర్రుమంటుంది, అది రోగం కాదు. రెండు, మూడుల్లో గర్రుమంటేనే సింక్రో రింగులు అయిపోయినట్టు. ఆ రింగులు ఇత్తడివి. షాపువాడు ‘హెవీ డ్యూటీ’ అని జీఎల్‌-5 నూనె ఇస్తాడు, తీసుకోవద్దు. అందులోని గంధకపు మందు ఇత్తడిని తినేస్తుంది. జీఎల్‌-4, 90 నంబరు చాలు.

దాని వెనక స్పైసర్‌ 18 ట్రాన్స్‌ఫర్‌ కేస్‌, అంటే ఇంజిన్‌ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె. లో రేంజి (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) 2.46. రెండు చిన్న లివర్లు, ఒకటి ముందు యాక్సిల్‌ను కలపడానికి, ఇంకోటి హై–న్యూట్రల్‌–లో. ముందు యాక్సిల్‌ కలపకుండా లోలోకి పోకూడదు, లోపల దానికో అడ్డు ఉంటుంది. అడ్డు లేకుండా పోతోందంటే విప్పినవాడు ఆ చిన్న ముక్కను తిరిగి పెట్టలేదు. లో రేంజి బలమంతా వెనక యాక్సిల్‌ ఒక్కటే మోస్తే యాక్సిల్‌ రాడ్డు విరుగుతుంది.

ఇంటర్మీడియట్‌ షాఫ్టు, దాని సూది బేరింగులు అరిగితే మూడు గుర్తులు: పికప్‌ ఇచ్చి వదిలినప్పుడు లివర్‌ ఎగిరి బయటికి రావడం, మూలుగు, కేస్‌ వెనక నుంచి నూనె కారడం. టీ-90కి, ఈ కేస్‌కి మధ్య నూనె దారి ఉంది. ఒకదానిలో తగ్గి ఇంకోదానిలో పెరిగితే కంగారు పడకండి, రెంటినీ కలిపి చూసుకోవాలి.

ఎంఎం 540లో నాలుగు గేర్ల కేఎంటీ 90 బాక్సు. 3బీ మీద ఇది చాలా హాయి. థార్‌ సీఆర్‌డీఈలో ఐదు గేర్లు, బోర్గ్‌వార్నర్‌ ట్రాన్స్‌ఫర్‌ కేస్‌, ఒకే లివర్‌.

ఇప్పుడు అసలు పరీక్ష. ముందు, వెనక క్రౌన్‌ రేషియోలు (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు) ఒకటేనా? పాత బళ్లలో క్రౌన్‌ పోతే దొరికిన హౌసింగ్‌ వేసేస్తారు. మామూలుగా టూ వీల్‌లో తిరిగే బండికి ఏమీ తెలియదు. చూసే పద్ధతి ఇది:

బండిని చదునుగా ఉన్న చోట ఆపి మిగతా చక్రాలకు రాళ్లు పెట్టండి. గేరు న్యూట్రల్‌, ఫోర్‌ వీల్‌ తీసేసి ఉండాలి. వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపండి, రెండోది నేల మీదే ఉండాలి. ప్రొపెల్లర్‌ షాఫ్టు (యాక్సిల్‌కు బలం తెచ్చే పొడుగు రాడ్డు) మీద సుద్దముక్కతో గీత పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా 2 చుట్లు తిప్పండి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. (రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి లోపలి డిఫరెన్షియల్‌ సగమే తిరుగుతుంది, అందుకే 2 చుట్లు.) ముందు కూడా అలాగే. హబ్బులకు లాకులుంటే లాక్‌ చేసి తిప్పండి, లేకపోతే షాఫ్టు కదలదు, మీరు వేరే అనుకుంటారు.

జవాబు: పదితౌ

ఇంజిన్‌ల గురించి.

హరికేన్‌ పెట్రోల్‌ ఇంజిన్‌ ఉండి ఉంటే సెట్టింగులు ఇవి: పాయింట్‌ గ్యాప్‌ 20 తౌ (తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్గు గ్యాప్‌ 30 తౌ, చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌ వాల్వు 18 తౌ, ఎగ్జాస్ట్‌ 16 తౌ. ఫైరింగ్‌ 1-3-4-2. ఎగ్జాస్ట్‌ వాల్వులు బ్లాక్‌లో ఉంటాయి కాబట్టి వాటి గ్యాప్‌ను చాలామంది ముట్టుకోరు, పైన రాకర్లు సరిచేసి మూత వేసేస్తారు. గ్యాప్‌ తగ్గి వాల్వు పూర్తిగా కూర్చోకపోతే అంచు కాలిపోతుంది. కంప్రెషన్‌ ఒక్క సిలిండర్‌లోనే పడిపోయి ఉంటే ముందు అనుమానం అక్కడే.

ప్యూజో రెండూ ఐడీఐ ఇంజిన్‌లు, డీజిల్‌ ముందు చిన్న గదిలో మండి తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది. శబ్దం తక్కువ, పరుగు నున్నగా ఉంటుంది. కానీ వేడి ఎక్కువ భాగం నీళ్లలోకి పోతుంది, అందుకే రేడియేటర్‌ సగం మూసుకుపోయినా ఊరుకోదు. ఒకసారి మరిగితే హెడ్‌ గ్యాస్కెట్‌ పని పడుతుంది. పొద్దున స్టార్ట్‌ కావాలంటే హీటర్‌ ప్లగ్గులు పని చేయాలి. నాలుగింటిలో ఒకటి పోతే లేస్తుంది గానీ తెల్లపొగతో వణుకుతూ లేస్తుంది.

డీఐ వేరే జాతి, ఇందులో డీజిల్‌ నేరుగా సిలిండర్‌లోనే మండుతుంది. మోత ఎక్కువ, వైబ్రేషన్‌ ఎక్కువ, పరుగు తక్కువ. కానీ ఆర్‌పీఎం తక్కువలో లాగుడు ఉంది, మరగదు, పల్లెటూరి మెకానిక్‌కి కూడా తెలుసు. ఎక్కుడు దారికి, నెమ్మది నడకకి నా ఓటు దీనికే. ఎవరైనా హైవే మీద 100 కొట్టాలంటే ఇది చూడొద్దు.

పరీక్షలు: ఇంజిన్‌ పూర్తిగా చల్లగా ఉండగానే వెళ్లండి. ముందే వేడి చేసి పెట్టారంటే కారణం ఉంటుంది. వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్‌ పోసే మూత తీయండి. కొద్దిగా ఆవిరి మామూలే, బుస్‌ బుస్‌మని కొడుతుంటే బ్యాక్‌ కంప్రెషన్‌, అంటే సిలిండర్లు అరిగి బోరుకు వచ్చింది. రేడియేటర్‌ మూత చల్లగా ఉన్నప్పుడు తీసి, స్టార్ట్‌ చేసి చూడండి. ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్‌ పోయినట్టే.

థార్‌ సీఆర్‌డీఈ 2498 సీసీ, 105 హార్స్‌పవర్‌. మిగతావాటితో పోలికే లేదు. ఇబ్బంది ఒక్కటే, కామన్‌ రైల్‌ ఇంజెక్టర్లు నీళ్లు కలిసిన డీజిల్‌ను క్షమించవు. ఫిల్టర్‌ కింద నీళ్లు వదిలే ప్లగ్గు ఉంది, దాన్ని వాడండి. డబ్బాల్లో తెచ్చిన డీజిల్‌ను బట్ట పెట్టి వడకట్టి పోస్తే సరిపోయే రోజులు డీఐతో పోయాయి.

జవాబు: కమానుకట్ట

స్టీరింగ్‌ మరిచాను. 3బీలో స్టీరింగ్‌ బాక్సు నుంచి వచ్చే రాడ్డు నేరుగా చక్రానికి పోదు, మధ్యలో బెల్‌ క్రాంక్‌ అనే ముక్క ఉంటుంది, దాని నుంచి రెండు టై రాడ్లు. ఆ బెల్‌ క్రాంక్‌ పిన్ను, బేరింగు అరిగితే స్టీరింగ్‌ పావు చుట్టు ఊగినా చక్రం కదలదు. స్టీరింగ్‌ బాక్సు బిగిస్తే పోదది, బాక్సు పాడవుతుంది అంతే. ఒకరిని స్టీరింగ్‌ అటూ ఇటూ ఆడించమని, మీరు కింద పడుకుని ఏ జాయింటు దగ్గర కదలిక ఆగిపోతోందో చూడండి.

50 దాటాక ముందు చక్రాలు గజగజలాడితే కింగ్‌పిన్‌ బేరింగులు. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే తెలుస్తుంది. నకుల్‌ (ముందు చక్రం పక్కకు మళ్లే కీలు) గుండు చుట్టూ నూనె కారి మట్టి పట్టి ఉంటే సీలు పోయింది, వాగు నీళ్లు లోపలికి వెళ్లి బేరింగు తుప్పు పట్టి ఉండొచ్చు. 3బీ బ్రేకులు 9 అంగుళాల డ్రమ్ములు, ఒకే సర్క్యూట్‌. ఒక్క చక్రం దగ్గర లీకైతే నాలుగింటికీ బ్రేకుండదు. దింపుడులో ఇది చిన్న విషయం కాదు.

2010 థార్‌ సీఆర్‌డీఈలో ముందు రిజిడ్‌ యాక్సిల్‌ తీసేసి టార్షన్‌ బార్‌ ఇండిపెండెంట్‌ సస్పెన్షన్‌ పెట్టారు, వెనక కమాను కట్టలే. రోడ్డు మీద కుదుపు తగ్గింది, రాళ్ల మీద ముందు చక్రం కిందికి దిగే పొడవు కూడా తగ్గింది. ఆ లోటును 2015లో వెనక ఈటన్‌ మెకానికల్‌ లాకింగ్‌ డిఫరెన్షియల్‌ (ఒక చక్రం జారితే రెండింటినీ కలిపి తిప్పేది) ఇచ్చి కొంత పూడ్చారు. మీరు చూస్తున్న 2013 బండికి అది ఉండదు. రెండేళ్ల తర్వాతిది కాస్త ఎక్కువకు దొరికినా ఈ దారికి అదే మేలు.

2020 అక్టోబర్‌ 2న వచ్చిన థార్‌ పేరుకే ఈ వంశం. వెనక కూడా కాయిల్‌ స్ప్రింగులు, 650 మిల్లీమీటర్ల నీళ్లు దాటగలదు, ఆటోమేటిక్‌ కూడా ఉంది. 2024 రాక్స్‌ ఐదు తలుపులు, వీల్‌బేస్‌ 285 సెంటీమీటర్లు. బళ్లు మంచివే, కానీ మీ ప్రశ్న వాటి గురించి కాదు.

జవాబు: ఆర్‌సీఫైలు

ఒకటో బండి దగ్గరే ఆగండి. ఆర్‌సీలో పెట్రోల్‌, లోపల డీజిల్‌ అంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం అది మార్పు చేసిన బండి. తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌ వాళ్లు మొదట పట్టుకునేది ఇదే. సొంత బండికి 15 ఏళ్లు దాటాక ప్రతి 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌ చేయించాలి, అప్పుడు ఇన్‌స్పెక్టర్‌ ముందు నిలబెట్టాలి కదా.

చాసిస్‌ నంబరును కాగితం, పెన్సిల్‌ పెట్టి రుద్ది తీసుకోండి. అక్షరాల వరస వంకర ఉన్నా, చుట్టూ గ్రైండర్‌ గీతలున్నా, అక్కడ మాత్రమే రంగు కొత్తగా ఉన్నా వదిలేయండి. మిలిటరీ బండికి వేలం కాగితం, ఆ తర్వాత సివిల్‌ రిజిస్ట్రేషన్‌ అయిన కాగితం రెండూ ఉండాలి. హర్యానాలో మండి డబ్వాలి కొత్త రేకుతో జీపులు కట్టడానికి పేరున్న ఊరు. అలా కట్టిన బండి మెరుస్తుంది, నంబరు మాత్రం 40 ఏళ్ల నాటిది ఉంటుంది. చూపించే ఆర్‌సీ ఆ బండిదేనా అన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న.

ప్రశ్న అడిగినవారు: కొండదారి

కొలిచాం. ‘సీజే 3బీ’ 231 సెంటీమీటర్లు వచ్చింది, అంటే అసలు 3బీ కాదు. మేజర్‌ కూడా 231, కానీ దానికి ముందు వైపు ప్రొపెల్లర్‌ షాఫ్టే లేదు, అంటే ఫోర్‌ వీల్‌ పనిచేయదు. ఎంఎం 540 వెనక 2 చుట్లకు 5 కంటే కొంచెం తక్కువ, ముందు 5 దాటి ఇంకో మూడో వంతు పైన. కాగితాలు మాత్రం ఎంఎం 540వే శుభ్రంగా ఉన్నాయి, చాసిస్‌ నంబరు సరిపోయింది. ఐడ్లింగ్‌లో మూత దగ్గర ఆవిరి కొద్దిగానే. ముందుకెళ్లమంటారా?

జవాబు: రెండులివర్లు

అన్నా, లెక్క చూస్తే వెనక 4.88, ముందు 5.38 లాగుంది. వెనక చక్రాలు 100 మీటర్లు పోయేలోపు ముందువి 91 మీటర్లే పోవాలనుకుంటాయి. ఈ ట్రాన్స్‌ఫర్‌ కేసుల మధ్యలో డిఫరెన్షియల్‌ లేదు, ఆ తేడా ఎక్కడికీ పోదు. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది, గట్టి నేల రాగానే షాఫ్టు క్రాస్‌ జాయింటో క్రౌనో పోతుంది. లివర్‌ కూడా ఇరుక్కుని బయటికి రాదు.

కాగితాలు, ఇంజిన్‌ బాగుంటే బండి తీసుకోవచ్చు. ఒక యాక్సిల్‌కు క్రౌన్‌ పినియన్‌ సెట్టు, బేరింగులు, సీళ్లు, కూలి అన్నీ రేటులోంచి తగ్గించమనండి. మార్చేది వెనకది. 5.38 రెండు వైపులా ఉంటే ఎక్కుడుకు బాగుంటుంది, టాప్‌ స్పీడు తగ్గినా మీ దారికి అక్కర్లేదు. సెట్టు వేసేటప్పుడు మెకానిక్‌ దగ్గరే ఉండి పినియన్‌ షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) కొలిచి వేస్తున్నాడా, పళ్ల మీద రంగు పూసి ముద్ర చూస్తున్నాడా గమనించండి. పాత షిమ్ములే తిరిగి పెట్టేస్తే వెయ్యి కిలోమీటర్లకే మూలుగు మొదలవుతుంది.

ముందు హబ్బులు విప్పినప్పుడే నకుల్‌ సీళ్లు కూడా మార్పించేయండి. యాక్సిల్‌ బ్రీదర్‌ (హౌసింగ్‌కు గాలి ఆడే దారి) మూసుకుపోయి ఉందేమో చూడండి. వేడి హౌసింగ్‌ చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్‌ పనిచేయకపోతే సీళ్ల అంచుల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. వాగు దాటే రోజుల్లో వారానికోసారి డ్రెయిన్‌ ప్లగ్గు వదులు చేసి నాలుగు చుక్కలు వదలండి. నూనె పాలు కలిసినట్టు ఉంటే అంతా మార్చాల్సిందే.